నల్లగొండ, పాలమూరు దిక్కు కొత్తగ ఫిష్ ట్యాంక్ పెట్టేటోళ్లకు: ఏది తీస్కోవాలె, పాచికి ఏది పనిచేస్తది

కొత్తగ ఫిష్ ట్యాంక్ పెడ్దామనుకునేటోళ్లు ముందు అడిగేది ఏ చేపలు మంచిగుంటయ్, ఏ సైజు గ్లాస్ తీస్కోవాలె అని. నేనైతే మీ ఇంట్ల ఏ నీళ్లొస్తయ్ అనే ముందు అడుగుత. యూట్యూబ్ ల చూసేదంత బెంగుళూరోళ్లవి, కలకత్తోళ్లవి, లేకుంటే ఫారినోళ్ల ట్యాంకులు. వాళ్ల నీళ్లు వేరే, వాళ్ల ఎండలు వేరే, వాళ్ల కరెంటు సంగతి వేరే. అదే సెట్టింగ్ తెచ్చి మనం మిర్యాలగూడల్నో జడ్చర్లల్నో పెడితే చేపలు చస్తయ్, గ్లాసంత పచ్చగ అయితది, రెండు నెలలకు ట్యాంకు అటక మీదికి పోతది. అందుకే ఇక్కడ ఒక్కోటి పక్కపక్కన పెట్టి మన దిక్కు ఏది సెట్ అయితదో ఎందుకు అయితదో చెప్త. నా ఇష్టం ఏందో కూడ దాచుకోను.

నీళ్లు: బోరా, భగీరథనా, క్యానా

మన బోర్ల సంగతి చెప్పే పనే లేదు. బకెట్ కు తెల్లగ పొర కడ్తది, హీటర్ రాడ్ మీద సున్నం పేరుకుంటది, కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు. ఇట్లాంటి నీళ్లను గట్టి నీళ్లు అంటరు, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటయ్ అన్నట్టు. నీళ్లల్ల కరిగిన ఉప్పులు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపించే టీడీఎస్ మీటర్ ఆన్‌లైన్ల రెండు మూడు వందలకు దొర్కుతది, అది ముంచి చూస్తే మన దిక్కు బోర్లల్ల 800, 1000, ఒక్కోసారి 1500 కూడ చూపిస్తది. ఇది చూసి చాలామంది ఈ నీళ్లకు చేపలు బతకయ్ అనుకుంటరు, అది తప్పు. గప్పీలు, మోలీలు, ప్లాటీలు గట్టి నీళ్లల్లనే మంచిగుంటయ్, మోలీలకైతే మెత్తటి నీళ్లు పోస్తేనే జబ్బు చేస్తది. ఇంకో లాభం ఏందంటె బోరు నీళ్లల్ల క్షారం ఎక్కువ, అందుకే పీహెచ్, అంటే నీళ్లు పులుపా క్షారమా చెప్పే లెక్క, ఒక్క దగ్గర నిలబడ్తది, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి అన్నట్టు ఊగదు.

మరి బోరుతోని తిప్పలు ఎక్కడ అంటే రెండు. ఒకటి, నియాన్ టెట్రాలు, డిస్కస్ లాంటి మెత్తటి నీళ్ల చేపలు దీంట్ల సరిగ్గ ఉండయ్, వాటి మీద పైసలు పెట్టకుర్రి. రెండోది ఎవ్వరూ చెప్పరు. చుట్టూ వరి, పత్తి చేన్లుండి ఏండ్లకేండ్లు యూరియా పడ్డ ఊళ్లల్ల బోరు నీళ్లల్లనే నైట్రేట్ ఉంటది. తాగే నీళ్లకు మన దేశంల లిమిట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు, కొన్ని బోర్లు అది కూడ దాటుతయ్. పాచికి అదే ఎరువు. పాచి పట్టిందని వారం వారం నీళ్లు మార్చుకుంట పోతరు, మార్చిన ప్రతిసారి కొత్త ఎరువు పోసినట్టే అయితది, ఇగ పాచి ఎందుకు పోతది? అందుకే ట్యాంకు నీళ్లు టెస్ట్ చేసే ముందు నల్లా నీళ్లు టెస్ట్ చెయ్యుర్రి.

మిషన్ భగీరథ నీళ్లు మన దిక్కు ఎక్కువ చోట్ల కృష్ణ నీళ్లే. బోరంత గట్టిగ ఉండయ్, చేపలకు మస్తుంటయ్. కాకపోతే క్లోరిన్ ఉంటది, అది చేపల మొప్పలను కాలుస్తది, ఫిల్టర్ల పెరిగే మంచి బ్యాక్టీరియాను కూడ సంపుతది. మూత తీసిన డ్రమ్ముల ఒక రోజంత ఉంచి, వీలైతే ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) ఏసి పెడితే పోతది. ఎట్లాగూ మనం డ్రమ్ములల్ల పట్టి పెట్టుకునేటోళ్లమే కాబట్టి ఇది కష్టమేం గాదు. తొందరుంటే షాపులల్ల యాంటీ క్లోరిన్ అని పటిక బెల్లం పలుకుల్లాంటివి అమ్ముతరు, అది సోడియం థయోసల్ఫేట్, బకెట్ కు రెండు మూడు పలుకులు చాలు.

ఇగ ఫిల్టర్ క్యాన్. ఫ్లోరైడ్ పుణ్యమాని మర్రిగూడ, మునుగోడు దిక్కు ప్రతి ఊర్ల ఆర్వో ప్లాంటుంది, 20 లీటర్ల క్యాను ఈజీగ దొర్కుతది, మనం తాగే నీళ్లే గదా చేపలకు ఇంకా మంచిది అని మొత్తం క్యాను నీళ్లే పోస్తరు. అన్నిట్ల ఖరాబ్ ఆప్షన్ ఇదే. ఆర్వో నీళ్లల్ల క్షారం దాదాపు ఉండదు. ఫిల్టర్ల బ్యాక్టీరియా చేపలు విసర్జించే అమోనియాను తినేటప్పుడు క్షారాన్ని ఖర్చు చేస్తది, ఒక మిల్లీగ్రాము అమోనియా నైట్రోజన్ కు 7 మిల్లీగ్రాముల దాకా పోతది. క్యాను నీళ్లల్ల అంత స్టాకు లేదు. కొన్ని రోజులకు పీహెచ్ ధబీమని పడ్తది, బ్యాక్టీరియా పని ఆపుతది, చేపలు పైకొచ్చి గుటకలేస్తయ్, ఏమైందో ఎవరికీ అర్థం గాదు.

క్యాను పనికొచ్చేది కలుపుకోనీకె. బోరు 1200, క్యాను 50 ఉంటే సగం సగం కలిపితే 625 చుట్టుపక్కల వస్తది, గప్పీ, మోలీ, ప్లాటీలకు నడుస్తది. ఇంకో ముచ్చట, ఎండాకాలం ట్యాంకు నీళ్లు ఆవిరై కిందికి దిగుతయ్ సూడుర్రి, ఆవిరయ్యేది ఉత్త నీళ్లే, ఉప్పులన్ని లోపల్నే ఉంటయ్. ఆ తగ్గినకాడికి మళ్ల బోరు నీళ్లే పోస్తే ఉప్పు మీద ఉప్పు పేరుకుంటది. అందుకే తగ్గింది నింపనీకె క్యాను నీళ్లు, వారం వారం మార్చనీకె కలిపిన నీళ్లు. భగీరథ రోజూ వస్తే ఈ లొల్లేమీ లేదు, అన్నిటికీ అదే వాడుర్రి.

గాజు గిన్నె, అడుగున్నర, రెండడుగులు, మూడడుగులు

గుండ్రటి గిన్నెను పక్కన పెట్టుర్రి. ఐదు లీటర్ల నీళ్లల్ల చేప ఒక్కసారి విసర్జిస్తే అమోనియా ధబీమని పెరుగుతది, మే నెలల మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండకు ఆ నీళ్లు రెండు గంటలల్లనే వేడెక్కుతయ్. పెద్ద ట్యాంకు కష్టం, చిన్నది ఈజీ అనుకుంటరు గానీ ఇది ఉల్టా. నీళ్లు ఎంత ఎక్కువుంటే మన తప్పులను అంత ఓర్చుకుంటది.

18 ఇంచులు పొడుగు, 12 వెడల్పు, 12 ఎత్తు ఉన్న దాంట్ల 42 లీటర్లు పడ్తయ్. ఒక ఫైటర్ చేప, నాలుగు నత్తలు, కొంచెం మొక్కలు, దానికి ఇది బాగుంటది. 24, 12, 12 అయితే 56 లీటర్లు, ఇదే నేను మొదటిసారి పెట్టేటోళ్లకు చెప్పేది. ఏ షాపుల్నైనా ఉంటది, రేటు కూడ ఎక్కువుండదు, నీళ్లు మార్చాలంటే రెండు బకెట్లతోని అయిపోతది. ఇసుక, గ్లాసు అంత కలిపి 75, 80 కిలోలు అయితది కాబట్టి టీవీ స్టాండ్ మీద పెట్టకుర్రి, గట్టి టేబుల్ కావాలె, కింద ఒక థర్మాకోల్ షీట్ పరవాలె. మూడడుగుల ట్యాంకు, 36, 15, 15, అంటే 130 లీటర్లు. చేపలకు ఇదే అన్నిటికన్న మంచిది, డబ్బులు, జాగ ఉంటే సోచాయించకుండ ఇదే కొనుర్రి. కిరాయి ఇంట్ల ఉండేటోళ్లకు మాత్రం వద్దంట, ఇల్లు మారినప్పుడు దాంతోని పడే తిప్పలు పగోనికి కూడ వద్దు.

ఎక్కడ పెట్టాలె అనేది సైజు కన్న ముఖ్యం. హాల్ల కిటికీ పక్కన పెడితే అందంగ కనవడ్తది, పడమర ఎండ సూటిగ పడ్తది, నెల తిరిగేసరికి నీళ్లు పచ్చగ అయితయ్. ఎండ తగలని గోడకు పెట్టుర్రి. పాచి కథల సగం ఇక్కడనే అయిపోతది.

ఫిల్టర్: కరెంటు పోతే ఏమైతది

ఫిల్టర్ అంటే చెత్త పట్టేదని అనుకుంటం, అసలు పని అది గాదు. చేప విసర్జించిన అమోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్ గ, ఇంకో రకం నైట్రేట్ గ మారుస్తది. మొదటి రెండు విషం, మూడోది కొంతవరకు చేపలు ఓర్చుకుంటయ్. ఆ బ్యాక్టీరియా ఉండేది ఫిల్టర్ స్పాంజిల. దానికి ఎప్పుడూ ఆక్సిజన్ ఉన్న నీళ్లు పారాలె.

షాపోడు ముందుగ చూపించేది లోపల పెట్టే పవర్ ఫిల్టర్, సోబో కంపెనీ లాంటివి. నీళ్లు బాగ తిప్పుతది, చూడనీకె నీటుగ ఉంటది. ఫైటర్ కు, చిన్న గప్పీ పిల్లలకు దాని గుంజుడు ఎక్కువ. వెనక వేలాడదీసే ఫిల్టర్ దానికన్న మంచిది, లోపల స్పాంజి, సెరామిక్ రింగులు పట్టే జాగ ఉంటది. బయట పెట్టే క్యానిస్టర్ పెద్ద ట్యాంకులకు రాజే గానీ, కరెంటు గంటలకొద్ది పోతే మూసిన డబ్బాల బ్యాక్టీరియాకు ఊపిరాడదు, కరెంటు వచ్చినంక ఆ కుళ్లిన నీళ్లు ఒక్కసారే ట్యాంకులకు వస్తయ్.

మన దిక్కు మొదటి ట్యాంకుకు నేను స్పాంజి ఫిల్టరే అంట. ఎయిర్ పంపుతోని కలిపి ఐదారు వందలల్ల అయిపోతది. ఎయిర్ పంపు తినేది మూడు నుంచి ఐదు వాట్లు, ఇన్వర్టర్ మీద రాత్రంత నడిచినా తెల్వదు. ఇన్వర్టర్ లేకుంటే ఛార్జింగ్ ఎయిర్ పంపులు వస్తున్నయ్, కరెంటు పోంగనే దానంతట అదే ఆన్ అయితది. ఎండాకాలం ఇది ప్రాణం కాపాడే సంగతి, ఎందుకంటె నీళ్లు వేడెక్కినకొద్ది ఆక్సిజన్ తగ్గుతది, 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పడితే 32 దగ్గర 7 పైచిల్లరే పడ్తది. ఉరుము గాలికి కరెంటు పోయి రాత్రంత రాకుంటే తెల్లారేసరికి చేపలు పైన తేలేది దీనికే. ఎయిర్ పంపును ట్యాంకు కన్న ఎత్తుల పెట్టుర్రి, లేకుంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు పైపులకెళ్లి ఉల్టా వచ్చి పంపు కాలిపోతది. స్పాంజి కడిగేటప్పుడు నల్లా కింద పెట్టకుర్రి, ట్యాంకుల నుంచి తీసిన నీళ్లల్లనే రెండుసార్లు పిండితె చాలు.

ఇసుక, రాళ్లు

రంగు రంగుల గులకరాళ్లు వద్దు, కొన్నాళ్లకు రంగు పోతది. ఆక్వా సాయిల్ అని ఖరీదైన మట్టి అమ్ముతరు, మొక్కలకు మంచిదే గానీ మొదటి వారాలల్ల అదే అమోనియా వదుల్తది, కొత్తోళ్లకు పాచి పండగే. ఇల్లు కట్టిన కాడ మిగిలిన వాగు ఇసుక జల్లెడ పట్టి, నీళ్లు తేటగ అయ్యేదాక కడిగి రెండించులు పరుస్తే అయిపాయె.

రాళ్లకు ఒక పరీక్ష. ఇంటి వెనక పడున్న షాబాద్ బండ ముక్కలు, తాండూరు బండ ముక్కలు అందంగున్నయని గుహలాగ పేరుస్తరు. అది సున్నపురాయి, ముందే గట్టిగున్న నీళ్లను ఇంకా గట్టిగ చేస్తది. రాయి మీద నిమ్మకాయ పిండుర్రి, లేకుంటే వెనిగర్ పొయ్యుర్రి, బుస్సుమని నురగొస్తే పక్కన పెట్టుర్రి. మన గుట్టల మీద దొరికే గ్రానైట్ కు ఏం గాదు, బ్రష్ తోని రుద్ది వేడినీళ్లు పోసి పెట్టేస్కోవచ్చు.

ట్యాంకు రెడీ చేసుడు: మూడు దారులు

నీళ్లు పోసిన రోజే చేపలు ఏస్తే వారంల సగం చస్తయ్, షాపోనిది మాల్ మంచిగ లేదంటరు. బ్యాక్టీరియా పెరగనీకె నాలుగు నుంచి ఆరు వారాలు పడ్తది. దీన్నే సైక్లింగ్ అంటరు. మన వేడికి కొంచెం తొందరగ అయితది.

మొదటి దారి, చేపలు లేకుండ. వాసన, రంగు కలపని ఉత్త అమోనియా కొని 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) వచ్చేంత ఏసి, అది తగ్గినకొద్ది మళ్ల ఏసుడు. ఏసిన 24 గంటలకు అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా వస్తే ట్యాంకు రెడీ. పద్ధతిగ ఇదే బెస్ట్. మన చిన్న టౌన్లల్ల అట్లాంటి అమోనియా అంత ఈజీగ దొరకదు, అందుకే చాలామంది రోజూ చిటికెడు చేపల దాణ ఏసి కుళ్లనిస్తరు. పనైతది, కాకపోతే ఎంత అమోనియా వస్తుందో మన చేతుల ఉండదు.

రెండోది, చేపలను ఏసే సైకిల్ చేసుడు. ఇక్కడ మన నీళ్లతోని ఒక ప్రమాదం ఉంది. అమోనియా రెండు రూపాల్ల ఉంటది, ఒకటి పెద్దగ నష్టం చెయ్యదు, ఇంకోటి విషం. పీహెచ్, వేడి పెరిగినకొద్ది విషం వాటా పెరుగుతది. పీహెచ్ 7, 25 డిగ్రీల దగ్గర ఆ వాటా నూటికి ఒకటి కూడ ఉండదు, అర శాతం పైచిలుకే, అదే పీహెచ్ 8, 30 డిగ్రీలల్ల నూటికి 7 దాటుతది. అంటె టెస్ట్ కిట్ల రంగు ఒక్క తీరుగనే ఉన్నా బోరు నీళ్లల్ల ఎండాకాలం అది పదింతలకు పైన విషం. కాబట్టి ఏప్రిల్, మే నెలలల్ల ఈ దారి ముట్టకుర్రి. వేరే కాలంల చేసేదుంటే రెండడుగుల ట్యాంకుకు మూడు నాలుగు గప్పీలే, రోజు విడిచి రోజు దాణ, అమోనియా 0.25 కనవడ్డా పావు వంతు నీళ్లు మార్చుడే. నైట్రైట్ పెరిగిన రోజులల్ల చిటికెడు కల్లుప్పు ఏస్తే మంచిది, ఉప్పుల క్లోరైడ్ ఆ నైట్రైట్ ను చేప రక్తంలకు పోనియ్యదు.

మూడో దారి నాకు అన్నిటికన్న ఇష్టం. దోస్తు దగ్గర ఏడాది నుంచి మంచిగ నడుస్తున్న ట్యాంకుంటే, మీ కొత్త స్పాంజి ఫిల్టర్ ను రెండు మూడు వారాలు ఆయన ట్యాంకుల నడిపించి తెచ్చుకోర్రి. సీదా రెడీ బ్యాక్టీరియా. తెచ్చేటప్పుడు ట్యాంకు నీళ్లల్లనే తడిగ తేవాలె, ఎండితే వేస్టు. ఆయన చేపలకు తెల్ల చుక్కల జబ్బుంటే మాత్రం ముట్టకుర్రి, అది కూడ వెంటొస్తది.

షాపులల్ల బ్యాక్టీరియా సీసాలు కూడ ఉంటయ్. ఎండల నెలలకొద్ది షెల్ఫ్ మీద ఉన్న సీసాల ఎంత ప్రాణముంటదో దేవునికెరుక. కొన్నా సరే, టెస్ట్ చెయ్యకుండ దాన్ని నమ్మి చేపలు ఏసుడు వద్దు. కిట్లల్ల కూడ స్ట్రిప్ కన్న చుక్కల కిట్టు మేలు, చాలా స్ట్రిప్ లల్ల అమోనియా టెస్టే ఉండదు. ఒక్కటే కొనగలిగితే అమోనియా కిట్టు కొనుర్రి.

పాచి: ఏది ఏ పాచో చూసి మందు

పాచిని చూడంగనే షాపుకు ఉరికి మందు తేకుర్రి. పాచి అన్ని ఒక్క తీరు గాదు, ఒకదానికి పనిచేసింది ఇంకోదానికి చెయ్యదు.

కొత్త ట్యాంకుల మూడో వారమో నాలుగో వారమో గ్లాసు మీద, ఇసుక మీద గోధుమ రంగు దుమ్ములాగ పడ్తది, వేలుతోని రుద్దితే పోతది. ఇవి డయాటమ్స్. వీటికి ఏం చెయ్యొద్దు. తుడుస్తుంటే రెండు మూడు నెలలకు వాటంతట అవే పోతయ్, నత్తలుంటే ఇంకా తొందరగ. దీనికే పరేషాన్ అయ్యి లైట్ పెంచేటోళ్లు, మందులు ఏసేటోళ్లు ఎక్కువ.

నీళ్లే పచ్చగ అయ్యి చేపలు కనవడకుంటే అది నీళ్లల్ల తేలే పాచి. నీళ్లు మారిస్తే రెండు రోజులు తేటగ ఉండి మళ్ల అదే కథ. రెండు ఆప్షన్లున్నయ్, ఒకటి యూవీ లైట్ ఉన్న ఫిల్టర్, కొన్ని రోజులల్ల గ్యారంటీగ తేటగ అయితది, పైసలైతయ్. రెండోది ఫ్రీ, లైట్ బంద్ చేసి ట్యాంకు చుట్టూ దుప్పటి కప్పి మూడు నాలుగు రోజులు ఒక్క వెలుతురు కిరణం కూడ పోకుండ ఉంచాలె, ఎయిర్ పంపు మాత్రం ఆపొద్దు, దాణ ఏయొద్దు. తీసినంక సగం నీళ్లు మార్చాలె, ఎందుకంటె సచ్చిన పాచి కుళ్లి అమోనియా వస్తది. మొదలు దుప్పటి చేసి చూడుర్రి. ఎండ పడే జాగ మార్చకుంటే యూవీ కొన్నా, దుప్పటి కప్పినా మళ్ల వస్తది.

గ్లాసు మీద గట్టిగ పచ్చ చుక్కలుంటే పాత ఏటీఎం కార్డుతోని గీకుర్రి, లైటు గంటలు తగ్గియ్యుర్రి. వెంట్రుకల్లాగ పొడుగ్గ పెరిగేదాన్ని పాత టూత్ బ్రష్ కు చుట్టి గుంజుర్రి, వస్తది. మొక్కల ఆకు అంచులకు నల్లటి గడ్డంలాగ పట్టేది అన్నిట్ల మొండిది, గీకితే రాదు, చేపలు కూడ పెద్దగ తినవు. దానికి మెడికల్ షాపుల దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తది. ఫిల్టర్ పది నిమిషాలు ఆపి, సూది లేని సిరంజితోని సీదా ఆ గడ్డం మీదనే మెల్లగ వదలాలె, పది లీటర్ల నీళ్లకు 3 మిల్లీలీటర్లు దాటొద్దు. రెండు మూడు రోజులకు అది ఎర్రగనో గులాబీ రంగులకో మారుతది, అంటే సచ్చినట్టే. మరీ ఎక్కువ పట్టిన ఆకును మాత్రం తెంపేసుడే నయం.

నీలి పచ్చ రంగుల, జారుడుగ, దుప్పటిలాగ పరుచుకొని, ఎత్తితే పొరలు పొరలుగ వస్తూ మురుగు వాసన కొట్టేది అసలు పాచే గాదు, అది సైనోబ్యాక్టీరియా అనే ఒక రకం బ్యాక్టీరియా. నీళ్లు తిరగని మూలలల్ల, ఇసుకల చెత్త పేరుకున్న కాడ వస్తది. పైపుతోని గుంజేసి, ఎయిర్ స్టోన్ ఆ మూలకు జరిపి, దుప్పటి పద్ధతి చెయ్యుర్రి.

షాపుల పాచి మందు గురించి కూడ చెప్పాలె. కొన్ని మందులల్ల రాగి ఉంటది. పాచి పోతది, నత్తలు, రొయ్యలు కూడ పోతయ్. పాచి రానీకె కారణం అట్లనే ఉంటది కాబట్టి నెలకు మళ్ల వస్తది, మళ్ల సీసా కొనాలె. షాపోనికి మంచి గిరాకి.

ఇగ అందరూ కొనే సక్కర్ చేప. రెండించుల పిల్లను పాచి తింటదని అమ్ముతరు. చిన్నప్పుడు కొంచెం తింటది, పెరిగినంక అడుగు దాటుతది, పాచి కన్న దాణకే మరుగుతది, అది విసర్జించేది చూస్తే పాచికి అదే ఎరువు ఏస్తుందా అనిపిస్తది. ట్యాంకుల పట్టక చెర్ల వదిలేస్తరు. దయచేసి ఆ పని చెయ్యకుర్రి. మన రెండు రాష్ట్రాలల్ల చెర్లల్ల, కాలువలల్ల ఈ చేప ఇప్పటికే పెరిగి జాలరోళ్ల వలలు చింపుతుంది, ఉన్న చేపల గుడ్లు తింటది, దెయ్యం చేప అంటున్నరు దీన్ని. చైనీస్ ఆల్గే ఈటర్ కూడ పెద్దగైనంక మిగతా చేపల మీద పడ్తది. రెండడుగుల ట్యాంకుకు నెరైట్ నత్తలు మేలు, గట్టి నీళ్లల్ల వాటి గుల్ల మంచిగ ఉంటది, మంచినీళ్లల్ల పిల్లలు పెరగవు కాబట్టి ట్యాంకు నిండవు, కాకపోతే రాళ్ల మీద తెల్ల చుక్కల్లాగ గుడ్లు పెట్టి పోతయ్. చెర్రీ రొయ్యలు కూడ బాగ పనిచేస్తయ్, చిన్న చేపలతోనే ఉంచాలె.

అన్నిటికన్న పని చేసేది మాత్రం మొక్కలు, టైమర్. షాపులల్ల టైమర్ ప్లగ్గు దొర్కుతది, లైట్ ఆరు గంటలకు పెట్టుర్రి, పాచి లేదని నమ్మకం వచ్చినంక ఏడు, ఎనిమిది గంటలు చేస్కోవచ్చు. మనం ఇంట్ల ఉండేది సాయంత్రమే గదా, నాలుగు నుంచి పది దాకా పెడితే చూసుకోవచ్చు కూడ. మొక్కలల్ల వాలిస్‌నేరియా, హార్న్‌వర్ట్ గట్టి నీళ్లకు పుట్టినట్టే ఉంటయ్, తొందరగ పెరిగి పాచి తినే నైట్రేట్ ను ఇవే తింటయ్. బోరుల నైట్రేట్ ఉన్నోళ్లకు ఇవే దిక్కు. ఇంట్ల మనీ ప్లాంట్ లేనోళ్లు ఉండరు, ఒక తీగ కోసి వేర్లు నీళ్లల్ల, ఆకులు బయట ఉండేటట్టు ట్యాంకు అంచుకు పెట్టుర్రి, అది గుంజినంత నైట్రేట్ ఏ మొక్కా గుంజదనిపిస్తది. చెరువు నుంచి హైడ్రిల్లా తెచ్చుకునేటోళ్లు జాగ్రత్త, జలగలు, తూనీగ పిల్లలు వెంటొస్తయ్, ఆ తూనీగ పురుగు గప్పీ పిల్లలను పట్టి తింటది. లేత గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లల్ల పది నిమిషాలు ముంచి, మంచిగ కడిగి ఎయ్యుర్రి.

చేపల మాట

బోరు నీళ్లకు గప్పీలు, ప్లాటీలు, మోలీలు. ఆడ మగ కలిపి తెస్తే నెల తిరగంగనే పిల్లలే పిల్లలు, వద్దనుకుంటే మగవాటినే తెచ్చుకోర్రి. ఒక్క చేపతోని సరిపెట్టుకునేటోళ్లకు ఫైటర్, ఒకే మగది, స్పాంజి ఫిల్టర్ తోని. గోల్డ్ ఫిష్ అందరికీ ఇష్టమే, అది చల్లటి నీళ్ల చేప, మన మే నెల దానికి నరకం, ఒక్కోటి అరడుగు దాటుతది, ఎక్కువ తిని ఎక్కువ విసర్జిస్తది. రెండడుగుల దాంట్ల అది వద్దు. ఎండాకాలం నీళ్లు 33 దాటితే మూత తీసి చిన్న ఫ్యాన్ నీళ్ల పైకి పెట్టుర్రి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతది. ఐస్ గడ్డలు ఏస్తే చల్లదనం ఒక్కసారే వచ్చి ఒక్కసారే పోతది, చేపకు అదే దెబ్బ. హీటర్ మన దిక్కు ముఖ్యం గాదు, డిసెంబర్, జనవరి రాత్రులు తప్ప.

దాణ రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాలల్ల తినేంతే. పాచి ఎందుకొస్తుందని అడిగేటోళ్ల ఇండ్లల్ల పోయి చూస్తే పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు, చిన్నపిల్లలు మధ్యల నాలుగుసార్లు ఏస్తుంటరు.

దసరాకు వారం రోజులు ఊరికి పోయేటోళ్లు అడిగేది కూడ ఇదే, దాణ ఎట్ల అని. షాపుల కరిగే దాణ బిళ్లలు అమ్ముతరు, అవి నీళ్లల్ల కరిగి పాచికి విందు పెడ్తయ్. పక్కింటోళ్లకు డబ్బా ఇచ్చిపోతే పాపం ఆకలైతుందని గుప్పెడు గుప్పెడు ఏస్తరు. పెద్ద చేపలు వారం రోజులు తినకున్నా ఏం గాదు, మొక్కలుంటే వాటి మీద ఏదో ఒకటి గీకుతయ్. పిల్ల చేపలుంటేనే రోజుకు ఒక్కో పొట్లం కట్టి పక్కింటోళ్లకు ఇయ్యుర్రి, డబ్బా మాత్రం బీరువాల పెట్టి తాళమేసి పోర్రి.